ఒకే సీన్ రెండు రకాలుగా ఆడి చూడండి: ప్రేక్షకుడిని ఎంత దగ్గరగా, ఎంత దూరంగా ఉంచాలి?

"మా నాటకానికి స్తానిస్లావ్‌స్కీ పద్ధతి మంచిదా, బ్రెక్ట్ పద్ధతి మంచిదా?" నాటకాలు వేసేవాళ్ళు నన్ను ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఇదే. స్తానిస్లావ్‌స్కీ రష్యా దర్శకుడు, బ్రెక్ట్ జర్మన్ నాటకకర్త, దర్శకుడు. అడిగేవాళ్ళలో చాలామంది రెండింటి గురించీ బాగానే చదివి ఉంటారు. కానీ చదివిన కొద్దీ టెన్షన్ పెరుగుతుందే తప్ప, రేపు సాయంత్రం రిహార్సల్లో నటుడికి ఏం చెప్పాలో తేలదు. అందుకే ఈసారి సిద్ధాంతం పక్కన పెట్టి, చేసి చూసే పద్ధతి రాస్తున్నాను. ఒక పేజీ కూడా లేని చిన్న సీన్ తీసుకుని, ముందు ప్రేక్షకుడిని లోపలికి లాగేలా ఆడతారు. ఇది దగ్గర పద్ధతి, స్తానిస్లావ్‌స్కీ దారి. తర్వాత అదే సీన్‌ను, డైలాగుల్లో ఒక్క మాట కూడా మార్చకుండా, ప్రేక్షకుడు కాస్త వెనక్కి జరిగి ఆలోచించేలా ఆడతారు. ఇది దూరం పద్ధతి, బ్రెక్ట్ దారి. మొత్తం నాలుగు సాయంత్రాల పని.

ఈ వరస మాత్రం మార్చకండి. దగ్గరగా ఆడటం రాని నటుడి చేత దూరంగా ఆడిస్తే వచ్చేది బ్రెక్ట్ కాదు, అప్పజెప్పిన పాఠం.

కావలసినవి

- ఇద్దరు నటులు, బయట నుంచి చూసి చెప్పే ఒక మనిషి
- ఒక కుర్చీ, ఒక గ్లాసు, నిజం నీళ్ళు
- నాలుగు అట్టముక్కలు, దూరానికి కనబడేలా రాసే లావు పెన్ను
- వీడియో తీయడానికి ఫోన్
- చివరి రోజుకి, సీన్ గురించి ఏమీ తెలియని ఆరుగురు ప్రేక్షకులు. నటుల స్నేహితులు వద్దు. వాళ్ళు పాత్రను చూడరు, తమ స్నేహితుణ్ణి చూస్తారు.

సెట్, మ్యూజిక్, మేకప్ ఇప్పుడు అక్కర్లేదు. అవి ఉంటే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు.

సీన్

మీ దగ్గర స్క్రిప్ట్ ఉంటే అందులోంచి ఇద్దరు మనుషులున్న అర పేజీ తీసుకోండి. లేకపోతే దీన్ని వాడుకోండి. ఇంటి యజమాని అద్దెకున్నావిడ గుమ్మం దగ్గరికి వచ్చాడు.

యజమాని: ఉన్నారామ్మా?
ఆవిడ: రండి, కూర్చోండి.
యజమాని: పర్లేదమ్మా, నిలబడే మాట్లాడతా.
ఆవిడ: ఎండన పడి వచ్చారు. మంచినీళ్ళు తాగండి. (ఇస్తుంది. తాగుతాడు.)
యజమాని: నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా.
ఆవిడ: పిల్లదాని పరీక్షలయ్యేదాకైనా ఆగండి.
యజమాని: నా చేతుల్లో ఏముంది? అమ్మేశాం.
ఆవిడ: గ్లాసు ఇటివ్వండి.

ఇందులో ఎవరూ దుర్మార్గులు కారు. అలాంటి సీనే ఎంచుకోండి. విలన్ ఉన్న సీన్ రెండు పద్ధతుల్లోనూ ఒకేలా వస్తుంది.

నేపథ్యం, నాలుగు ముక్కల్లో

వేదిక అంచున పెద్ద గోడ ఉందనుకోండి, తెర లేవనట్టే ఆడండి అని ఫ్రెంచ్ రచయిత దిదెరో 1758లోనే రాశాడు. నాలుగో గోడ అని మనం అనేది దాన్నే. 1898లో నెమిరోవిచ్ దాన్చెంకోతో కలిసి మాస్కో ఆర్ట్ థియేటర్ పెట్టిన స్తానిస్లావ్‌స్కీ, ఆ గోడ వెనక నటుడు నిజంగా ఎలా బతకాలో జీవితమంతా వెతికాడు. బెర్లిన్‌లో బ్రెక్ట్ ఆ గోడ తీసేశాడు. అలవాటై కంటికి ఆనని విషయాన్ని వింతగా కనబడేలా చేస్తే, "ఇది ఇలాగే ఎందుకు జరగాలి?" అని ప్రేక్షకుడు అడుగుతాడని ఆయన నమ్మకం. మన పనికి ఇంత చాలు.

1. ముందు ప్రశ్న రాసుకోండి

సీన్ అయ్యాక ప్రేక్షకుడి మనసులో ఏ ప్రశ్న మిగలాలి? ఒక్క వాక్యంలో రాయండి. "ఆవిడ లోపల ఇప్పుడు ఏమవుతోంది?" అన్నది దగ్గర ప్రశ్న. "నీళ్ళు తాగిన ఇంట్లోనే ఆ మాట ఆయన ఎలా అనగలిగాడు?" అన్నది దూరం ప్రశ్న. రెండూ రాసి గోడకి అంటించండి. ఇది వదిలేసి ముందుకెళ్ళినవాళ్ళు మూడో రోజుకి స్టైల్ గురించి వాదించుకుంటూ ఉంటారు.

2. పరిస్థితులు నింపండి (మొదటి సాయంత్రం)

ఇది స్తానిస్లావ్‌స్కీ దారి. ఒక్కో నటుడూ తన పాత్ర గురించి పది విషయాలు రాసుకోవాలి. ఇక్కడికి ఎక్కణ్ణుంచి వచ్చాడు? గంట క్రితం ఏం చేస్తున్నాడు? ఈ మాట చెప్పడం ఎన్ని రోజులుగా వాయిదా వేస్తున్నాడు? ఆవిడకు ఈ సంగతి ఇంతకుముందే ఎవరైనా చెవిన వేశారా? స్క్రిప్టుతో పొసగనివి కొట్టేయండి. మిగిలినవాటి మీద "ఇదంతా నాకే జరిగి ఉంటే నేనేం చేసేదాన్ని?" అని అడుక్కోవాలి. "నాకేం అనిపించేది?" అని కాదు, "ఏం చేసేదాన్ని?" అని.

జాగ్రత్త: నటుల సొంత గాయాలు తవ్వకండి. ఏడుపు రప్పించడానికి ఇంట్లో జరిగిన చావును గుర్తు తెచ్చుకోమని చెప్పే దర్శకులు ఇప్పటికీ ఉన్నారు. అది నటుడికి మంచిది కాదు, సీన్‌కూ మంచిది కాదు. ఆ కన్నీళ్ళు ఈ ఇంటికీ ఈ గ్లాసుకీ సంబంధించినవి కావు. చూసేవాళ్ళకు ఆ తేడా తెలిసిపోతుంది.

3. ప్రతి మాటకూ ఒక పని కనిపెట్టండి

"ఆవిడ బాధగా ఉంది" అన్న సూచనతో నటి ఏమీ చేయలేదు. "ఆవిడ ఆయన్ని కూర్చోబెట్టాలి" అంటే చేయగలదు. కూర్చున్న మనిషి మాట కొంచెం మెత్తబడుతుందని ఆవిడకు తెలుసు. అందుకే కుర్చీ. అది కుదరలేదు, అందుకే నీళ్ళు.

దీనికి మన భాషలోనే ఒక చక్కటి పరీక్ష ఉంది. మీరు రాసిన క్రియ "పడాలి"తో ముగిస్తే కొట్టేయండి: బాధపడాలి, భయపడాలి, సిగ్గుపడాలి. ఇవి నటుడి చేతిలో ఉండవు. ఎదుటి మనిషి చేత ఏదో చేయించే క్రియ వెతకండి: కూర్చోబెట్టాలి, ఒప్పించాలి, మాట మార్పించాలి, గుమ్మం దాటించాలి. ఎనిమిది డైలాగులకూ ఇలా ఎనిమిది క్రియలు మార్జిన్‌లో రాయించండి. ఒక డైలాగుకి రెండు క్రియలు దొరికితే మరీ మంచిది, రెండూ ఆడి చూడండి.

4. గ్లాసు దగ్గరే ఆగండి (రెండో సాయంత్రం)

చాలామంది పరుగెత్తేది ఇక్కడే. గ్లాసు చేతులు మారే ఆ పదిహేను సెకన్లను కనీసం గంట సేపు ఆడండి. గ్లాసు నిండుగా ఉందా, అంచుకి కాస్త తక్కువగా ఉందా? నిండుగా ఉంటే ఇద్దరూ దాన్నే చూడాలి. అంటే ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, ఆయనకు కావలసిందీ అదే. ఆయన గుక్కతిప్పుకోకుండా తాగేస్తే దాహం. సగం తాగి ఆగితే, చెప్పబోయే మాట గొంతులో అడ్డం పడ్డట్టు. తాగేశాక ఖాళీ గ్లాసు ఏం చేయాలో ఆయనకు తెలియదు. కుర్చీ మీద పెడితే కూర్చోవడానికి చోటు లేదన్నట్టు, చేతిలోనే ఉంచుకుంటే ఆ మాట గ్లాసు పట్టుకునే చెప్పాలి. ఈ చివరిది దొరికిన రోజు సీన్ దానంతటదే నిలబడుతుంది. ఆఖరి డైలాగు "గ్లాసు ఇటివ్వండి" అంత బరువెక్కడం దీనివల్లే.

జాగ్రత్త: వివరాలు దొరుకుతున్నాయి కదా అని పోగేయకండి. కుక్క అరుపు, పక్కింటి టీవీ, కుక్కర్ విజిల్ అన్నీ పెట్టాలనిపిస్తుంది. మాస్కో ఆర్ట్ థియేటర్ తొలి రోజుల్లో స్తానిస్లావ్‌స్కీ కప్పల బెకబెకలు, కీచురాళ్ళ చప్పుళ్ళు, కుక్కల అరుపులు తెగ వాడేవాడు. ఆ నాటకాలు రాసిన చెహోవ్‌కు అది నచ్చలేదు. గొప్ప చిత్రకారుడు వేసిన మొహంలో ముక్కు కత్తిరించి అక్కడ నిజం ముక్కు పెడితే, ముక్కు నిజమే కానీ బొమ్మ పాడవుతుందని ఆయన అన్నట్టు ఆ థియేటర్ నటుడు మేయర్‌హోల్డ్ రాసిపెట్టుకున్నాడు. ఒక సీన్‌కి ఒక వస్తువు చాలు.

5. దగ్గర పద్ధతి వీడియో తీయండి

ఫోన్‌ను ప్రేక్షకుడు కూర్చునే చోట పెట్టి మూడుసార్లు ఆడండి. చూస్తూ ఆపకండి. మూడింట్లో మంచిదాన్ని ఉంచుకోండి.

6. మూడో మనిషిలా చెప్పించండి (మూడో సాయంత్రం)

ఇక రెండో దారి. రిహార్సల్‌లో నటుడికీ పాత్రకీ మధ్య ఖాళీ తేవడానికి బ్రెక్ట్ మూడు సాయాలు చెప్పాడు: పాత్రను మూడో పురుషలో చెప్పడం, జరిగిందాన్ని భూతకాలంలో చెప్పడం, రంగసూచనలు కూడా పైకి చదవడం. మూడూ ఒకేసారి వాడండి. ఇలా:

"యజమాని గుమ్మంలోనే ఆగాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పర్లేదమ్మా, నిలబడే మాట్లాడతా అన్నాడు. ఆవిడ గ్లాసు ఇచ్చింది. ఆయన వద్దనలేదు, తాగాడు. అప్పుడు చెప్పాడు, నెలాఖరుకి ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా అని."

తెలుగులో ఈ అభ్యాసం చేస్తే దొరికే లాభం ఒకటుంది. మూడో పురుషలోకి వెళ్ళగానే నటుడు ఒక మాట ఎంచుకోక తప్పదు: ఆయన తాగాడా, అతను తాగాడా, వాడు తాగాడా? ఆ ఒక్క మాటలో పాత్ర మీద నటుడి తీర్పు బయటపడుతుంది. మూడూ చెప్పించి చూడండి, మూడుసార్లూ భుజాలు వేరుగా నిలబడతాయి. ఏది ఉంచాలో నటుడే తేల్చుకోవాలి. నా అభిప్రాయం అడిగితే "ఆయన" అనే ఉంచమంటాను. "వాడు" అనగానే నటుడు పాత్రను తిట్టడం మొదలుపెడతాడు, ఆలోచించే పని ప్రేక్షకుడికి మిగలదు.

ఇంకోటి: "తాగాడట" అననివ్వకండి. "అట" పడితే విన్న కబురు అయిపోతుంది. బ్రెక్ట్ నటుడికి చూపిన నమూనా, వీధిలో జరిగిన యాక్సిడెంటును కళ్ళారా చూసి, చూడనివాళ్ళకు చేసి చూపించే మనిషి. ఆ మనిషి డ్రైవర్ అయిపోడు, కానీ డ్రైవర్ స్టీరింగ్ ఎటు తిప్పాడో ఖచ్చితంగా చూపిస్తాడు. "తిప్పాడు" అంటాడు, "తిప్పాడట" అనడు.

పది సార్లు ఇలా చెప్పించాక, ఆ వాక్యాలు తీసేసి డైలాగులు మాత్రమే ఆడించండి. "అన్నాడు" నోట్లో లేకపోయినా ఒంట్లో మిగలాలి.

7. "అది చేయలేదు, ఇది చేశాడు"

ప్రతి ముఖ్యమైన చర్య దగ్గరా నటుడు చేయకుండా వదిలేసిన పని కూడా కనబడాలి. యజమాని చెయ్యి కుర్చీ వీపు మీద పడుతుంది, కూర్చోబోతాడు, కూర్చోడు. గ్లాసు అందుకునే ముందు అర క్షణం ఆగుతాడు, వద్దనొచ్చు, అనడు. ఈ అర క్షణమే మొత్తం పద్ధతికి గుండెకాయ. వేరేలా జరిగే వీలు ఉందని చూసేవాళ్ళకు కనబడితే, జరిగింది విధి కాదని వాళ్ళే అనుకుంటారు.

ఇలాంటివి సీన్‌కి రెండు, మహా అయితే మూడు. అంతకు మించితే నటుడు నత్తిగా కదులుతున్నట్టుంటుంది.

8. పాత్రలు మార్చుకోండి

ఒక్కసారి యజమాని ఆవిడగా, ఆవిడ యజమానిగా ఆడాలి. పావుగంట చాలు. నేను చూసుకున్న ఒక రిహార్సల్లో ఆవిడ పాత్ర చేసే నటి, యజమానిగా మారిన వెంటనే, ఖాళీ గ్లాసును తిరిగివ్వడానికి చెయ్యి చాచి, అటువైపు చెయ్యి రాకపోయేసరికి అలాగే ఉండిపోయింది. మళ్ళీ తన పాత్రలోకి వచ్చాక గ్లాసు వెంటనే అందుకోవడం మానేసింది. గంటసేపు నేను చెప్పినా రాని విషయం అది.

9. అట్ట, వెలుతురు

సీన్‌కి ముందు ఒక అట్ట చూపించండి. బ్రెక్ట్ నాటకాల్లో సీన్‌కి ముందే ఏం జరగబోతోందో రాసి చూపేవాళ్ళు. "ఏమవుతుందో" అన్న ఆత్రం తగ్గి "ఎలా అవుతుందో" మీద కన్ను పడటానికి.

పనికిరాని అట్ట: "అన్యాయం!" ఇది ప్రేక్షకుడి పని మీరు చేసేయడం.
పనికొచ్చే అట్ట: "యజమాని నీళ్ళు తాగి, ఇల్లు ఖాళీ చేయమంటాడు."

గదిలో లైట్లన్నీ వేసే ఉంచండి, ప్రేక్షకుల మీదవి కూడా. ఒకరి మొహం ఒకరికి కనబడాలి. అట్ట పెట్టే వీలు లేకపోతే ఒక నటుడు ముందుకొచ్చి ఆ వాక్యం మామూలు గొంతుతో చెప్పినా సరిపోతుంది. తర్వాత దీన్నీ మూడుసార్లు వీడియో తీయండి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

దూరం అంటే చల్లదనం అనుకోవడం. అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే. మొహంలో ఏమీ లేకుండా, గొంతు ఎత్తకుండా, బొమ్మల్లా నిలబడి "ఇది బ్రెక్ట్" అంటారు. 1949 జనవరిలో బెర్లిన్‌లో బ్రెక్ట్ భార్య హెలెనె వైగెల్, ఆయన రాసిన "మదర్ కరేజ్" నాటకంలో ఆ తల్లి పాత్ర వేసింది. కొడుకును కాల్చిన తుపాకుల మోత వినబడినప్పుడు తల వెనక్కి వాల్చి నోరు పూర్తిగా తెరిచింది. అరుపు మాత్రం రాలేదు. అందులో చల్లదనం ఎక్కడుంది? బాధ మొత్తం అక్కడే ఉంది. ఆ శబ్దం మాత్రం ప్రేక్షకుడికి వదిలేసింది.

ఏడిస్తే సక్సెస్ అనుకోవడం. అదే నాటకం 1941లో జ్యూరిక్‌లో మొదటిసారి ఆడినప్పుడు, దాన్ని బిడ్డలను పోగొట్టుకున్న తల్లి గుండెకోతగా చూశారు. యుద్ధంతో వ్యాపారం చేస్తూ ఆ యుద్ధానికే పిల్లలను బలిపెట్టిన మనిషిగా ఆమెను చూడాలన్నది బ్రెక్ట్ ఉద్దేశం. అందుకని బెర్లిన్ ప్రదర్శనకి కొన్నిచోట్ల మార్చాడు. గాయపడినవాళ్ళకు కట్లు కట్టడానికి చొక్కాలు ఇచ్చే చోట, మార్చిన రూపంలో ఆమె ససేమిరా అంటుంది, వేరేవాళ్ళు లాక్కోవాల్సి వస్తుంది. ఇందులో మీకు పనికొచ్చే సంగతి ఇదీ: ఉద్దేశం నెరవేరకపోతే అట్టలూ లైట్లూ పెంచకండి, పాత్ర చేసే పనిని మార్చండి.

ప్రతి డైలాగుకీ ప్రేక్షకుల వైపు తిరగడం. ఒకటి రెండుసార్లు తిరిగితే అర్థం ఉంటుంది. ఎనిమిదిసార్లు తిరిగితే వాళ్ళకు మెడ తప్ప ఏమీ గుర్తుండదు. తిరిగినప్పుడు కన్ను గీటడం, "చూశారా" అన్నట్టు నవ్వడం అసలే వద్దు.

సహజం పేరుతో గొణగడం. దగ్గర పద్ధతిలో వచ్చే జబ్బు. నాలుగో గోడ ప్రేక్షకుడి కళ్ళకే, చెవులకు కాదు. ఆఖరి వరసకి వినబడనిది సహజం కాదు, వినబడనిదే.

రెండూ కలిపి పులుసు చేయడం. కన్నీళ్ళు, అట్టలు, మెత్తటి మ్యూజిక్, మధ్యలో ఉపన్యాసం. కలపడం తప్పు కాదు. ఎక్కడ ఏది అన్నది తేల్చుకోకుండా కలపడం తప్పు.

ఫలితం ఎలా చూసుకోవాలి (నాలుగో సాయంత్రం)

ఆరుగురు ప్రేక్షకుల్లో ముగ్గురికి దగ్గర పద్ధతి, ముగ్గురికి దూరం పద్ధతి చూపించండి. ఒక గుంపు చూసేటప్పుడు రెండో గుంపు బయట ఉండాలి. అయ్యాక "ఎలా ఉంది?" అని అడగకండి, "బాగుంది" అంటారు. ఈ మూడే అడిగి, వాళ్ళ మాటలు ఉన్నవున్నట్టు రాసుకోండి:

- ఏం జరిగిందో చెప్పండి.
- మీకు బాగా గుర్తున్న క్షణం ఏది?
- ఆయన ఇంకేమైనా చేసి ఉండొచ్చా?

దగ్గర పద్ధతి పనిచేస్తే మొదటి జవాబులో ఆవిడ మనసు గురించి, డైలాగుల్లో లేని మాటలు వస్తాయి: "ఆవిడకు ముందే తెలుసనుకుంటా." మూడో ప్రశ్నకి కాసేపు మౌనంగా ఉంటారు. దూరం పద్ధతి పనిచేస్తే మూడో ప్రశ్న దగ్గర ముగ్గురూ ఒకరి మాట ఒకరు అడ్డుకుంటారు: కూర్చుని ఉండాల్సిందని ఒకరు, నీళ్ళు తాగకుండా ఉండాల్సిందని ఇంకొకరు, అసలు అమ్మే ముందు చెప్పాల్సిందని మరొకరు.

"లైట్లెందుకు వేసి ఉంచారు?" అన్న ప్రశ్నే ముందు వచ్చిందంటే దూరం మరీ ఎక్కువైంది, వాళ్ళు సీన్‌ను చూడలేదు. అటు పక్క ప్రమాదమూ ఉంది. ఎడ్వర్డ్ బుల్లో అనే ఆయన 1912లో ఒక ఉదాహరణ రాశాడు: భార్యను అనుమానించే మనిషి, భర్త అనుమానం మీదే నడిచే షేక్‌స్పియర్ నాటకం ఒథెల్లో చూస్తే, ఒథెల్లోని కాదు, తన గొడవనే చూసుకుంటాడు. అంటే దూరం మొత్తం చెరిగిపోయింది. మీ ప్రేక్షకుల్లో ఒకరు సీన్ వదిలేసి తన అద్దింటి కథ పావుగంట చెబితే అదే జరిగిందనుకోండి. శ్రద్ధగా వినండి, ఆ జవాబును మాత్రం లెక్కలోకి తీసుకోకండి.

రెండు పద్ధతులకూ ఒకేలాంటి జవాబులు వస్తే, చాలాసార్లు లోపం 7వ మెట్టులో ఉంటుంది. ఆ అర క్షణాలు ఆడేవాళ్ళకు తెలుస్తున్నాయి, చూసేవాళ్ళకు కనబడటం లేదు. వీడియోను శబ్దం ఆపి చూడండి. మాటలు లేకుండా ఆ రెండు చోట్లూ మీకు దొరక్కపోతే వాళ్ళకూ దొరకలేదు.

పూర్తి నాటకానికి వెళ్ళేటప్పుడు

నాటకం మొత్తానికి ఒకే పద్ధతి అని ముద్ర వేయనక్కర్లేదు. కుర్చీల అమరికతోనే కొంత దూరం మార్చుకోవచ్చు. పోలెండ్ దర్శకుడు గ్రోటోవ్‌స్కీ 1963లో ఫౌస్టస్ నాటకం ఆడించినప్పుడు ప్రేక్షకులను విందుకొచ్చిన అతిథుల్లా పొడవాటి బల్లల దగ్గర కూర్చోబెట్టి, ఆ బల్లల మీదే ఆడించాడు. మీకు గది చిన్నదైతే, స్టేజి లేకపోతే, ఇది తేలికైన దారి.

స్క్రిప్ట్ మొదటి నుంచి చదువుతూ, ప్రేక్షకుడు పాత్రతో కలిసి ఊపిరి పీల్చాల్సిన చోట ఒక గీత, వెనక్కి జరిగి అడగాల్సిన చోట రెండు గీతలు పెన్సిల్‌తో పెట్టండి. రెండు గీతల చోట్లు నాలుగైదుకు మించకుండా చూసుకోండి. అన్ని సీన్లకూ ముందు 2, 3 మెట్లు చేయించండి. రెండు గీతలున్న చోట్లకు మాత్రం 6, 7 కూడా చేయించండి. ప్రదర్శనలు మొదలయ్యాక నటులు అలవాటు కొద్దీ అన్నిచోట్లా దగ్గరికే జారిపోతారు. నాలుగైదు ఆటలకొకసారి, ఆట మొదలయ్యే గంట ముందు, ఆ చోట్లను మళ్ళీ "ఆయన తాగాడు, అప్పుడు చెప్పాడు" అంటూ పైకి చెప్పించండి.